పరుగెత్తు బండిలో ప్రాణరక్షణ



మన పల్లెలలో ఎవరైన ఉన్నట్టుండి కుప్పగూలినప్పుడు చుట్టునున్నవారి నోట మొదట వెలువడు మాట యొకటే: "ఎత్తుండ్రి, జల్ది దవాఖానకు పోనియ్యిండ్రి!" ఈ మాటలో ప్రేమ గలదు, ఆత్రము గలదు. కాని గుండె పూర్తిగా ఆగిపోయిన మనుష్యుని విషయమున ఈ ఆత్రమే కొన్నిసారులు మిగిలియున్న కొద్దిపాటి ఆశను గూడ హరించుచున్నది. 108 బండి వచ్చును. అందుండి దిగిన టెక్నీషియన్ రోగిని బండిలోనికి ఎక్కించుటకు మారుగా నేలమీదనే వెల్లకిల పరుండబెట్టి, రొమ్ముమీద చేతులుంచి నొక్కుట కారంభించును. గుమిగూడినవారు కోపింతురు. "బండి తెచ్చి ఈడనే కూసుంటివేంది?" అని గద్దింతురు. ఆ గద్దింపునకు వెరచి అతడు చేయుచున్న పనిని విడిచి, రోగిని బండి కెక్కించి తలుపు మూయును. బండి కదలును. జనులు తృప్తి నొందుదురు. రోగికి మాత్రము ఆ క్షణమునుండియే చికిత్స సన్నగిల్లును.

ఇది ఏల ఇట్లగుచున్నదో, పరుగెత్తు బండిలో ప్రాణము నిలుపు ప్రయత్నము ఎంత కష్టమో, తప్పనిసరియైనప్పుడు దానిని ఎట్లు జాగ్రత్తగా నిర్వహింపవలెనో, అందు ఊరి పెద్దల పాత్ర యెట్టిదో నేటి ప్రసంగమున మనవి చేసెదను. నేను వైద్యుడను గాను. మద్దూరు ప్రాంతమున చిరకాలము బాలురకు తెలుగును, కొంత సంస్కృతమును చెప్పి విరమించిన ఉపాధ్యాయుడను. పుస్తకములవలన చదివియు, తెలిసినవారి నడిగియు, శిక్షణకై ఉంచిన బొమ్మమీద నా చేతులతో నొక్కి చూచియు నేర్చుకొన్నంత చెప్పుదును.

పంతులు గనుక మొదట మాటయొక్క పుట్టుకను విచారింతును. మనము నిత్యము వాడు 'అంబులెన్సు' అను పదమునకు మూలము లాటిను భాషలో 'నడచుట' అను అర్థముగల ధాతువు. ఫ్రెంచివారు సేన వెంట కదలుచు పోవు వైద్యశాలను 'నడచు ఆసుపత్రి' అనిరి. కాలక్రమమున ఆసుపత్రి యను మాట జారిపోయి, నడచుట యను మాట మాత్రము మిగిలెను. మాటకు పట్టిన గతియే మన బుద్ధికిని పట్టినది. మనకు ఆ బండిలో నడకయే కనబడుచున్నది గాని ఆసుపత్రి కనబడుట లేదు. మూలార్థమును బట్టి చూడగా అంబులెన్సు రోగిని ఆసుపత్రికి చేర్చు బండి మాత్రమే కాదు. ఆసుపత్రిని రోగి యొద్దకు చేర్చు బండి.

ఇక గుండె సంగతి. గుండెపోటు వేరు, గుండె ఆగుట వేరు. గుండెపోటు వచ్చినవాడు రొమ్ములో నొప్పి యనును, చెమటలు పట్టును, ఆయాసపడును. కాని మాటాడును, ఊపిరి తీయును. అట్టివానిని నొక్కరాదు. జాగు సేయక 108కు పిలిచి ఆసుపత్రికి పంపవలెను. గుండె ఆగినవాడు పిలిచిన పలుకడు, భుజము తట్టిన కదలడు, సరిగా ఊపిరి తీయడు. ఇచ్చట ఒక మోసము గలదు. గుండె ఆగిన తరువాతను కొందరు అప్పుడప్పుడు నోరు తెరచి ఎగశ్వాస తీయుదురు. దానిని చూచి "ఇంకను ఊపిరి యున్నది" అని మనము ఊరకుందుము. లేదా కడపటి ఘడియయని తలచి తులసితీర్థము నోట పోయుదుము. ఎగశ్వాస ఊపిరి గాదు. అది గుండె ఆగినదనుటకు గురుతు. స్పృహలేనివాని నోట పోసిన నీరు శ్వాసనాళమున కడ్డుపడును. తీర్థము మీద నాకును భక్తి గలదు. కాని బ్రతికింప వీలున్నంతవరకు ఆ నోటికి నీరు తగులరాదు.

గుండె ఆగిన క్షణమున మెదడునకు రక్తము నిలిచిపోవును. నాలుగైదు నిమిషములు గడచుసరికి మెదడు చెడుట ఆరంభమగును. ఎవరును నొక్కనిచో నిమిషమునకు నూటికి 7 మొదలు 10 పాళ్ళ చొప్పున బ్రతుకుటకు గల అవకాశము తరుగుచు పోవునని వైద్యులు లెక్కకట్టియున్నారు. ఈ లెక్కను బట్టి పది పదునైదు నిమిషములలో ఆశ దాదాపు అడుగంటును. మద్దూరు 2016లో వరంగల్లు జిల్లానుండి సిద్దిపేట జిల్లాకు మారినది. సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వెలసినది. జిల్లా మారినది, వైద్యము పెరిగినది. దారి దూరము మాత్రము తరుగలేదు. మనము సిద్దిపేట దిక్కునకు పోయినను, జనగామ దిక్కునకు పోయినను, అది పది నిమిషముల మార్గము గాదు. కావున ఎంత వేగముగ బండి పరుగెత్తినను ఆ పరుగే చికిత్స కానేరదు. నొక్కుటయే చికిత్స.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది గాదు. పూర్వపు ప్రథమచికిత్స పుస్తకములలో రోగిని బోరగిల పరుండబెట్టి వీపు నొక్కుటయు, చేతులెత్తి దించుటయు చెప్పబడెను. అవి ఊపిరి నాడించుటకై యేర్పడినవి. రొమ్మును లయబద్ధముగా నొక్కినచో ఆగిన గుండెనుండియు రక్తము కదలునని అమెరికా దేశమున బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ సంస్థకు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను ముగ్గురు 1960లో ప్రకటించిరి. దీనికి కావలసిన సాధనము రెండు చేతులే. నేడు దీనినే సి.పి.ఆర్. అనుచున్నారు.

చేయు విధము వినుడు. రోగిని గట్టి నేలమీద వెల్లకిల పరుండబెట్టవలెను. రొమ్ము నడుమనుండు ఎముకయొక్క క్రింది సగముపై ఒక అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేతిని పెట్టి, మోచేతులు వంచక, భుజములు సరిగా రోగి రొమ్ముపైకి వచ్చునట్లు వంగి, ఒంటి బరువుతో నొక్కవలెను. పెద్దవారికి లోతు 5 సెంటీమీటర్లకు తక్కువ గారాదు, 6 సెంటీమీటర్లకు మించరాదు. అనగా రమారమి మూడు వ్రేళ్ళ మందము. వేగము నిమిషమునకు 100 మొదలు 120 వరకు. ప్రతి నొక్కుడు తరువాతను రొమ్ము పూర్తిగా పైకి లేచునట్లు బరువు తీయవలెను. రొమ్ము లేచినప్పుడే గుండె మరల రక్తముతో నిండును. శిక్షణ గలవారు 30 నొక్కుళ్ళకు రెండు ఊపిరుల చొప్పున ఇత్తురు. శిక్షణ లేనివారు ఊపిరి మాట విడిచి నొక్కుటయే సాగింపవచ్చును. చిన్న బిడ్డలకును, నీట మునిగినవారికిని మాత్రము ఊపిరులును ముఖ్యము.

మన తల్లులు వడ్లు దంచుటను చూచినవారికి ఈ విద్య సులభముగ బోధపడును. రోకలి పూర్తిగా పైకి లేవవలెను. పడినప్పుడు రోలు అడుగువరకు పోటు తగులవలెను. ఒకరు అలసినచో లయ తప్పకుండ మరియొకరు అందుకొనవలెను. రోలు నేలమీద కదలక యుండవలెను. నడుచు బండిలో రోలు పెట్టి వడ్లు దంచినవారు మనలో ఎవరైన గలరా? ఈ ప్రశ్నకు వచ్చు జవాబే నేటి ప్రసంగసారము.

నులకమంచము మీద నొక్కిన బరువు నులకయే మ్రింగును, రొమ్ము అణగదు. మరణ మాసన్నమైనదని తోచినప్పుడు మనిషిని మంచముమీదినుండి నేలకు దింపు ఆచారము మనకు గలదు. ఆ దింపుట యిచ్చట మేలే. దింపిన తరువాత ఏడ్చుచు కూర్చుండక నొక్కవలెను, అంతియే భేదము.

ఇప్పుడు బండిలోనికి పోదము. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రముగా ఆరంభమయ్యెను. జపమాలలోని పూసల సంఖ్య గనుక ఆ అంకె మనవారి నోట సులభముగ నిలిచెను. ఆ బండిలో సామాన్యముగా ఇద్దరే యుందురు. ముందు బండి నడుపువాడు, వానిని పైలట్ అందురు. వెనుక రోగిని చూచువాడు, టెక్నీషియన్. బండి కదలెనా, వెనుక మిగులు వాడొక్కడు. నొక్కవలసినదియు అతడే, అంబూ బ్యాగుతో ఊపిరి యందింపవలసినదియు అతడే, మందు, ఆక్సిజను, ఫోనులో వైద్యునితో మాట, అన్నియు అతనివే. అలసిన రెండు నిమిషములకు చేయి మార్చవలెనని శాస్త్రము చెప్పుచున్నది. మార్చుటకు రెండవ చేయి లేదు. బండి ఆగియున్నప్పుడు పైలట్ కూడ వెనుకకు వచ్చును. నడుచు బండిలో రెండు చేతులు. నిలిచిన బండిలో నాలుగు చేతులు. ఈ ఒక్క లెక్కను పెద్దలు మనసున నిలుపుకొన్న చాలును.

మరియొక లెక్క చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు, అనగా సెకనుకు, సుమారు 16 మీటర్లకు పైగా పోవును. నిమిషమునకు 110 చొప్పున నొక్కువాడు 30 నొక్కుళ్ళు ముగించుసరికి 16 సెకండ్లు గడచును. బండి పావు కిలోమీటరునకు పైగా పోవును. మన రోడ్లమీద ఆ పావు కిలోమీటరులో ఒక మలుపో, ఒక గుంతయో, ఒక స్పీడు బ్రేకరో, రోడ్డు దాటు మేకలమందయో తగులకుండునా? మలుపు వచ్చినప్పుడు నొక్కువాని శరీరము ప్రక్కకు తూలును, నొక్కుడు ఏటవాలుగా పడును. బ్రేకు పడినప్పుడు ముందునకు పడబోయి ఒక చేతితో కడ్డీని పట్టుకొనును. అంతట నొక్కుడు ఆగును. గుంతలో బండి ఎగిరినప్పుడు స్ట్రెచరు పైకి, మనిషి క్రిందికి. లోతు కొన్నిసారులు చాలదు, కొన్నిసారులు మించును. నొక్కుడు ఆగిన ప్రతిమారు అంతవరకు కూడుకొన్న రక్తపు ఒత్తిడి పడిపోవును; దానిని మరల కూర్చుకొనుటకు అనేక నొక్కుళ్ళు పట్టును. అరగంట ప్రయాణమనగా 3,300 నొక్కుళ్ళు. ఒంటరిగా, ఊగుచున్న నేలమీద, అన్నియు సరిగా నొక్కగల మనుష్యుడు లేడు.

నొక్కువాని ప్రాణమును గూడ తలపవలెను. సీటు బెల్టు పెట్టుకొని కూర్చున్నచో అతని చేయి రోగి రొమ్మునకు సరిగా అందదు. లేచి నిలిచినచో అతనికి బెల్టు లేదు. బండి దేనికైన తగిలి నిలిచినను అతడు నిలువడు. అదే వేగమున పోయి ముందుగోడకు కొట్టుకొనును. 60 కిలోమీటర్ల వేగమున కొట్టుకొనుట సుమారు 14 మీటర్ల ఎత్తునుండి నేలబడుటతో సమానము. అనగా నాలుగంతస్తుల మేడపైనుండి పడుట. ఆ బండిలోనున్న యువకుడును ఒక తల్లి బిడ్డయే. ఒకని బ్రతికింపబోయి ఇద్దరిని పోగొట్టుకొనుట ధర్మము గాదు.

ఇవి ఊహలు గావు. ఉత్తర అమెరికాలోని అంబులెన్సు సేవల రోగులను పరిశీలించి 2020లో ప్రకటించిన ఒక అధ్యయనమున, ఒకే తీరు స్థితిలోనున్న రోగులను జతపరచి చూచిరి. గుండె ఆడకమునుపే తరలింపబడినవారిలో బ్రతికి ఇల్లు చేరినవారు నూటికి నలుగురు. పడినచోటనే ప్రయత్నము సాగింపబడినవారిలో నూటికి ఎనిమిదిన్నర. అది పరిశీలనయే గాని పరీక్ష గాదు. ఆ దేశపు బండ్లలో మనుష్యులును సాధనములును హెచ్చు. అయినను అది చూపు దిక్కు స్పష్టము. ఆ రెండు అంకెలును చిన్నవే యని మీరనవచ్చును. నిజమే. ఆశ చిన్నది గనుకనే దానిని దారిలో ఒలకబోసికొనరాదు.

ఈ తత్త్వమును మొదట గట్టిగా పట్టుకొన్నవాడు ఐర్లండు ద్వీపమందలి బెల్‌ఫాస్టు నగరవైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జి. గుండెకు విద్యుత్తు షాకు నిచ్చి దాని గతిని సరిచేయు డీఫిబ్రిలేటరు అప్పటికి ఆసుపత్రి గోడలలోనే యుండెను. రోగులు ఆసుపత్రి చేరకమునుపే మరణించుచుండిరి. అతడు కారు బ్యాటరీలతో నడచునట్లు ఆ యంత్రము నమర్చి అంబులెన్సులో నెక్కించెను. ఆ మొదటి యంత్రపు బరువు సుమారు 70 కిలోలు. కొలదియేండ్లకే దానిని మూడు కిలోలకు తగ్గించిరి. రోగి యంత్రమువద్దకు పోవుటకు మారుగా యంత్రమే రోగివద్దకు వచ్చెను. 'నడచు ఆసుపత్రి' యను పాత అర్థము ఆ దినమున మరల నిజమయ్యెను.

ఐనచో బండి ఎప్పుడును కదలరాదా? అట్లు గాదు. గుండె మరల ఆడి, ఊపిరియు నాడియు వచ్చిన తరువాత ప్రయాణము అవశ్యము. అప్పుడు రోగికి ఆసుపత్రిలో చేయవలసిన పని చాల గలదు. గుండె ఆడకున్నను తరలింపవలసిన సందర్భములు కొన్ని కలవు. నిండు గర్భిణి, లోపల రక్తము కారుచున్న గాయపడినవాడు, ఆసుపత్రిలోనే దొరకు చికిత్స కావలసినవాడు, పలుమార్లు షాకు నిచ్చినను గుండెగతి సరిపడనివాడు ఇట్టివారు. బండిలో షాకు యంత్రమే లేనప్పుడు యంత్రమున్న చోటికి పోవుటయు న్యాయమే. ఇరుకు సందులో నొక్కుటకు చోటు లేకున్నను, గుంపు మీదపడుచున్నను బండిలోనికి ఎక్కించుట మేలు. ఎక్కించినంత మాత్రమున కదలింపనక్కరలేదు. వీనిని నిర్ణయింపవలసినవారు టెక్నీషియనును, ఫోనులో అతనికి సలహా చెప్పు వైద్యుడును, మనము గాము.

కదలవలసివచ్చినప్పుడు పాటింపవలసిన క్రమ మిది. స్ట్రెచరు బండి నేలయందలి గొళ్ళెములో పడినదా లేదా చూచుకొనవలెను. రోగిని పట్టీలతో బంధింపవలెను. ఆ పట్టీ నొక్కు చోటునకు అడ్డురాకూడదు. వీపు క్రింద గట్టి పలక యున్నచో మెత్తని పరుపు బరువును మ్రింగదు. ఆక్సిజను సిలిండరు మొదలు చిన్న పెట్టెవరకు ఏదియు విడిగా నుండరాదు. విడిగానున్న వస్తువు బ్రేకు పడినంతనే రాయియగును. స్ట్రెచరు ఎత్తు నొక్కువాని మోకాళ్ళకును నడుమునకును తగినట్లుండవలెను. నొక్కువాడు పాదములు ఎడముగా నుంచి, మోకాళ్ళు కొంచెము వంచి, తుంటిని గోడకో సీటునకో ఆనించి శరీరమును నిలుపుకొనవలెను. ఎక్కించునప్పుడును నొక్కుడు పది సెకండ్లకు మించి ఆగరాదు.

పైలట్ చేతిలో సగము వైద్యము గలదు. అతడు చూపవలసినది వేగము గాదు, నిలకడ. మెల్లగా వేగము హెచ్చించి, మెల్లగా తగ్గించి, ఒకే తీరున నడపవలెను. ముందు కానవచ్చు ప్రతిదానిని వెనుకకు వినబడునట్లు కేకవేసి చెప్పవలెను: "ఎడమ మలుపు", "గుంత", "బ్రేకు". ఆ కేక విన్నచో వెనుకనున్నవాడు ముందుగా కాలు బిగించుకొనును. గంటకు పది కిలోమీటర్లు తగ్గించి నడిపిన ఆలస్యము కొలదిపాటిది. ఒక చెడ్డ బ్రేకువలని నష్టము పెద్దది. మార్గమధ్యమున గుండె క్రొత్తగా ఆగినచో, ప్రమాదము లేని చోట బండిని ప్రక్కకు నిలిపి ఇద్దరును పనిచేయుట మొదటి కర్తవ్యము. ఏ.ఇ.డి. అను షాకు యంత్రము గుండెగతిని పరీక్షించునప్పుడు బండి నిలిచియుండవలెను. బండి కుదుపును యంత్రము గుండె కదలికగా పొరబడవచ్చును. షాకు నిచ్చునప్పుడు ఎవరును రోగిని తాకరాదు. ఊగుచున్న బండిలో తాకకుండ నిలుచుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. షాకు పడిన వెంటనే మరల నొక్కుట సాగవలెను.

నొక్కుటకు యంత్రములును వచ్చినవి. స్వీడను దేశపు లుండు నగరమున పుట్టిన ఒక యంత్రము రోగి రొమ్ముపై కమానువలె నిలిచి, అలసట యెరుగక ఒకే లోతున నొక్కును. యూరపుఖండమున జరిపి 2014లోను, 2015లోను ప్రకటించిన పెద్ద పరీక్షలలో ఈ యంత్రమువలన, మంచి చేతులతో నొక్కినదానికంటె హెచ్చుమంది బ్రతికినట్లు కనబడలేదు. కావున నేలమీద చేయియే యంత్రమునకు సాటి. నడుచు బండిలో మాత్రము దాని ప్రయోజనము వేరు: నొక్కువాడు బెల్టు పెట్టుకొని కూర్చుండవచ్చును. దానిని అమర్చుటకై నొక్కుడు చాలసేపు ఆపినచో ఆ లాభమును పోవును.

లెక్క పెట్టుటలో ఒక చిన్న సంగతి. ఒకటి మొదలు ముప్పదివరకు బిగ్గరగా లెక్కించుచు నొక్కుమని చెప్పుదురు. మన భాషలో పదునొకండు దాటినంతనే సంఖ్యలు దీర్ఘములగును. 'పందొమ్మిది', 'ఇరువదియెనిమిది' అనుసరికి లయ సడలును. కావున పదివరకే మూడుమార్లు లెక్కించుట సుళువని నాకు తోచినది. బొమ్మమీద నొక్కినప్పుడు నాకిట్లే లయ కుదిరినది. బడిపిల్లలకు ఎక్కములు వల్లెవేయించినవారికి ఇది క్రొత్త గాదు.

ఇక పెద్దలారా, మీరు చేయదగిన పనులు చెప్పి ముగించెదను. మనిషి పడినంతనే ఒకరు 108కు ఫోను చేయవలెను. మరియొకరు నొక్క మొదలిడవలెను. బండి వచ్చువరకు నలుగురు వంతులవారీగా, రెండేసి నిమిషములకు మారుచు సాగింపవలెను. ప్రక్కటెముక విరుగునేమోయను భయముతో ఆపరాదు. విరిగిన యెముక అతుకును. ఆటోలో కూర్చుండబెట్టి, ట్రాక్టరు తొట్టిలో వేసి పరుగెత్తినచో నొక్కుడన్నమాటయే యుండదు. అది ప్రాణముతో పోవుట గాదు, శవముతో పోవుట యగును. బండికి దారిచూపుటకు ఊరి చౌరస్తావద్ద ఒక పిల్లవానిని నిలుపవలెను. సందునకు అడ్డముగానున్న ట్రాక్టరును తీయింపవలెను. రోగిచుట్టు జనము నాపి, గాలికిని చేతులకును చోటీయవలెను.

కోతల కాలమున మన రోడ్లమీద వడ్లను, మక్కలను ఆరబోసి, అంచులయందు రాళ్ళు పేర్చుట అందరు ఎరిగినదే. రైతుకు కల్లము చాలదు. అతని కష్టము నాకు తెలియును. కాని ఆ రాళ్ళ ప్రక్కగా బండి ఒరిగి పోవునప్పుడు లోపల నొక్కుచున్న చేయి తూలుచున్నదని గ్రహింపుడు. గ్రామపంచాయతీలో కూర్చుండి ఈ ఒక్క సంగతిని తీర్మానించుట మీకు సాధ్యము. బరాతు నడుచుచున్నప్పుడు సైరను వినబడినచో డప్పు నాపి దారి విడుచుటయు అట్టిదే.

రోగివెంట ఒకరినే పంపుడు. ఆశా కార్యకర్తయో, శిక్షణ పొందిన యువకుడో యైనచో నొక్కుటకు రెండవ జత చేతులు దొరకును. తోడువచ్చినవారు టెక్నీషియన్ చెప్పిన చోట కూర్చుండి బెల్టు పెట్టుకొనవలెను. పైలట్‌ను "ఇంక జోరుగ పోనియ్యి" అని తొందరపెట్టరాదు. బడిలోనో, పంచాయతీ ఆవరణలోనో ఏటికొకసారి బొమ్మతో శిక్షణ యేర్పాటు చేయించుకొనుడు. చేయి నేర్చినది సమయమునకు మరువదు; చెవి విన్నది మరచును.

అన్ని ప్రయత్నములును చేసినను చాలమంది బ్రతుకరు. అట్టి సమయమున టెక్నీషియన్ చేతులు తీసి తల వంచినచో, "దవాఖానకు తీసుకపోక చంపిండు" అని అతనిపై పడరాదు. గుండె ఆగినది అతనివలన గాదు. అతడు పడినచోటనే మోకరించి చెమటోడ్చి నొక్కిన ఆ ఇరువది ముప్పది నిమిషములే మన మనిషికి లభింపదగిన ఉత్తమ వైద్యము. ఈసారి మీ వాడలో 108 బండి వచ్చి కదలక నిలిచినచో, గుంపులోనుండి ముందునకు వచ్చి, "ఆగుండ్రి, పని చేయనియ్యిండ్రి" అని చెప్పగల పెద్ద మీరే కావలెను. మీ మాట ఊరిలో చెల్లును. ఆ మాట చెల్లిన నిమిషము ఒక ఇంటి దీపము నిలుపవచ్చును.